పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్: నల్లతెర, బూట్ చిక్కులకు జవాబులు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయాక, మూలన పడ్డ ల్యాప్‌టాప్‌లు చాలా ఇళ్లలో లినక్స్‌తో మళ్లీ లేచాయి. వాటితోపాటే మాకు ఉత్తరాలూ పెరిగాయి. ఒక్క మనవి. "పని చేయడం లేదు" అని రాసి ఊరుకోకండి. ఎక్కడ ఆగిందో రాయండి. కంపెనీ లోగో దగ్గరా, గ్రబ్ మెనూ (ఏ సిస్టమ్‌తో బూట్ కావాలో అడిగే జాబితా) దగ్గరా, తెల్ల అక్షరాలు పరుగెడుతుండగానా, లాగిన్ పెట్టె వచ్చాకా? చివరి వరుసను ఫోన్‌తో ఫోటో తీసి పంపితే మరీ మంచిది.

ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం. టైపు చేసేది మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే. పెద్దక్షరాలు కావాల్సిన చోట ఆ మాట చెప్పాం.

ప్రశ్న: 2009 నాటి ల్యాప్‌టాప్. కోర్ 2 డ్యుయో, 4 జీబీ ర్యామ్, ఎన్‌విడియా జీఫోర్స్ 9300ఎం జీఎస్. లినక్స్ మింట్ పెన్‌డ్రైవ్ పెడితే లోగో వచ్చి తెర నల్లగా అయిపోయేది. ఎవరో చెబితే నోమోడ్‌సెట్ అని చేర్చాను, ఇన్‌స్టాల్ అయింది. కానీ అక్షరాలు సాగినట్టున్నాయి, వెలుతురు తగ్గించే మీటలు పనిచేయవు, వీడియో పెడితే ఫ్యాన్ హోరెత్తుతోంది. – ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మీరు చెప్పిన మూడు ఇబ్బందులకూ మూలం ఆ నోమోడ్‌సెట్టే. తెర రిజల్యూషన్‌ను నిర్ణయించే పని 2009 నుంచి క్రమంగా కెర్నల్ (లినక్స్ గుండెకాయ) చేతికి వచ్చింది. నోమోడ్‌సెట్ అంటే ఆ పని చేయొద్దని కెర్నల్‌కు చెప్పడం. దాంతో గ్రాఫిక్స్ డ్రైవర్ పక్కకు తప్పుకుంటుంది, బయోస్ (ఆన్ చేయగానే నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) ఇచ్చిన సాదా తెరే మిగులుతుంది. బ్యాక్‌లైట్‌ను నడిపేదీ ఆ డ్రైవరే కాబట్టి మీటలు పనిచేయవు. బొమ్మ గీసే భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది కాబట్టి ఫ్యాన్ హోరు. ఇది విరిగిన చేతికి కట్టిన కట్టులాంటిది. ఇన్‌స్టాల్ అయ్యేదాకా ఉంచుకుని తర్వాత విప్పేయాలి.

ముందు టెర్మినల్లో (ఆదేశాలు టైపు చేసే కిటికీ) ఇంక్సి -జీ అని కొట్టండి (జీ పెద్దక్షరం). రెండరర్ అన్న చోట ఎల్ఎల్‌వీఎంపైప్ అని ఉంటే ప్రాసెసరే బొమ్మ గీస్తోందన్నమాట.

తర్వాత సుడో నానో /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ అని ఫైలు తెరవండి. గ్రబ్_సీఎండీలైన్_లినక్స్_డిఫాల్ట్ అన్న వరుసలో క్వైట్ స్ప్లాష్ పక్కన నోమోడ్‌సెట్ ఉంటుంది. దాన్ని తీసేసి, ఆ స్థానంలో ఇది చేర్చండి:

నూవో.నోయాక్సెల్=1

నూవో అంటే ఎన్‌విడియా కార్డులకు లినక్స్‌తోనే వచ్చే డ్రైవర్. స్పెల్లింగు ఎన్-ఓ-యు-వి-ఇ-ఎ-యు. కంట్రోల్+ఓ, ఎంటర్, కంట్రోల్+ఎక్స్‌తో భద్రపరిచి, సుడో అప్‌డేట్-గ్రబ్ కొట్టి రీస్టార్ట్ చేయండి. డ్రైవర్ ఎక్కుతుంది, అసలు రిజల్యూషన్ వస్తుంది, మీటలు సాధారణంగా పనిచేస్తాయి. 3డీ వేగం మాత్రం ఉండదు. ఇలా నిలకడగా రెండు రోజులు నడిస్తే ఈ మాటనూ తీసేసి చూడండి. అప్పుడూ తెర నల్లబడకపోతే పూర్తి వేగం మీదే. నల్లబడితే రీస్టార్ట్ చేసి, గ్రబ్ మెనూలో 'ఇ' నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర మళ్లీ నోయాక్సెల్ చేర్చి ఎఫ్10తో బూట్ చేయండి. ఇలా 'ఇ' నొక్కి మార్చింది ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది, కాబట్టి ఏ ప్రయోగమైనా ముందు ఇక్కడే చేయడం మంచిది.

గ్రబ్ మెనూ కనబడకపోతే, పాత బయోస్ యంత్రాల్లో ఆన్ చేయగానే షిఫ్ట్ పట్టుకోవాలి. యూఈఎఫ్ఐ (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త రకం) యంత్రాల్లో ఎస్కేప్ ఒక్కసారే నొక్కాలి. కంగారులో నాలుగైదు సార్లు నొక్కితే గ్రబ్ ప్రాంప్ట్‌లోకి వెళ్తుంది. అక్కడ నార్మల్ అని కొట్టి, ఎంటర్ నొక్కి, వెంటనే ఎస్కేప్ ఒకసారి నొక్కితే మెనూ వస్తుంది.

"ఎన్‌విడియా సొంత డ్రైవర్ వేయకూడదా?" అని తప్పక అడుగుతారు. మీ కార్డుకు సరిపోయేది 340 వరుస. అది 2019 డిసెంబరులో వచ్చిన 340.108తో ఆగిపోయింది. కొత్త కెర్నల్‌తో దాన్ని నడపాలంటే ఎవరో రాసిన ప్యాచ్‌లు అతికించాలి, ప్రతి కెర్నల్ అప్‌డేట్‌కూ అదే తంతు. మా సలహా: వద్దు. సిన్నమన్ డెస్క్‌టాప్ బదులు తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ వాడండి, విండో మేనేజర్ ట్వీక్స్‌లో కంపోజిటర్ (విండోల నీడలు, హంగులు గీసేది) ఆపేయండి, యూట్యూబ్ 480పీ దగ్గర ఉంచండి. ఈ ప్రాసెసర్‌కు అంతకుమించి ఆశ పెట్టుకోకపోవడమే మేలు.

ప్రశ్న: విండోస్, ఉబుంటు రెండూ ఉన్నాయి. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ఖాళీగా ఉన్న ఒక డ్రైవ్ తీసేశాను. ఇప్పుడు ఆన్ చేస్తే 'నో సచ్ పార్టిషన్', కింద గ్రబ్ రెస్క్యూ అని వస్తోంది. – ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: ఫైళ్లు బహుశా ఎక్కడికీ పోలేదు. పాత పద్ధతి పార్టిషన్ పట్టిక (ఎంబీఆర్) ఉన్న డిస్కుల్లో 5వ నంబరు నుంచి ఉండేవి లాజికల్ పార్టిషన్లు. మధ్యలో ఒకటి తీసేస్తే వెనకున్నవి ఒక్కో నంబరు ముందుకు జరుగుతాయి. మీ ఉబుంటు, ఉదాహరణకు, 6 నుంచి 5కి వచ్చి ఉంటుంది. డిస్కు మొదట్లో ఇరుక్కుని ఉన్న గ్రబ్ తొలి ముక్క మాత్రం ఇంకా 6నే వెతుకుతోంది.

ఎల్ఎస్ అని కొట్టండి. (హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్1), (హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్5) లాంటివి కనబడతాయి. ఒక్కోదాన్నీ ఎల్ఎస్ (హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్5)/ అని చివర స్లాష్‌తో అడగండి. 'అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్' అంటే అది కాదు. బూట్, ఈటీసీ, హోమ్ అని పేర్లు వస్తే అదే. ఆ నంబరుతో వరసగా:

సెట్ రూట్=(హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్5)
సెట్ ప్రిఫిక్స్=(హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్5)/బూట్/గ్రబ్
ఇన్స్‌మాడ్ నార్మల్
నార్మల్

మెనూ వస్తుంది, ఉబుంటులోకి వెళ్లండి. పని అయిపోలేదు. సుడో గ్రబ్-ఇన్‌స్టాల్ /డెవ్/ఎస్‌డీఏ, ఆ తర్వాత సుడో అప్‌డేట్-గ్రబ్ చేయకపోతే రేపు మళ్లీ ఇదే తెర. ఎస్‌డీఏ పక్కన నంబరు పెట్టకూడదు, గ్రబ్ కూర్చోవాల్సింది మొత్తం డిస్కు మొదట్లో. ఏ పార్టిషన్‌లోనూ ఆ పేర్లు రాకపోతే మీరు తీసేసింది ఉబుంటునే కావచ్చు. అప్పుడు డిస్కు మీద ఇంకేమీ రాయకుండా, మింట్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి పోయిన పార్టిషన్లను పట్టే టెస్ట్‌డిస్క్ ప్రోగ్రామ్‌తో వెతకాలి.

ప్రశ్న: ఇంటెల్ 965 చిప్‌సెట్ ల్యాప్‌టాప్. మౌస్ కుడివైపు అంచు దాటి ఎటో వెళ్లిపోతోంది. లాగిన్ పెట్టె ఒక్కోసారి అసలు కనిపించదు. – ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: లేని టీవీ ఒకటి తగిలించి ఉందని ఆ చిప్ భ్రమపడుతోంది. ఈ తరం చిప్‌కు టీవీ అవుట్ ఉండేది, చాలా ల్యాప్‌టాప్‌లలో దానికి పిన్నే పెట్టలేదు. ఎక్స్‌రాండర్ అని కొడితే ఎస్‌వీడియో-1 లేదా టీవీ1 'కనెక్టెడ్' అని చూపిస్తుంది. మొదటి జవాబులో చెప్పిన గ్రబ్ ఫైల్లోనే వీడియో=ఎస్‌వీడియో-1:డి చేర్చండి. ఎస్‌వీడియో పెద్దక్షరాలు, చివరి డి చిన్నది. ఎక్స్‌రాండర్ టీవీ1 అని చూపినా కెర్నల్‌కు చెప్పాల్సిన పేరు ఎస్‌వీడియో-1నే. అప్‌డేట్-గ్రబ్ మరిచిపోకండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్ బ్యాటరీ చచ్చిపోయి రెండేళ్లయింది, ఛార్జర్ మీదే నడుపుతున్నాం. కరెంటు పోయి వచ్చాక ఆన్ చేస్తే నల్లతెర మీద ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అని బ్రాకెట్లో వచ్చి ఆగిపోతోంది. ఇది మూడోసారి. – ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: ఆ ప్రాంప్ట్ పైన ఉన్న నాలుగు వరుసలు చదవండి. దారులు రెండు.

'ఎఫ్ఎస్‌సీకే (డిస్కు లోపాలు సరిచేసే ఆదేశం) మాన్యువల్‌గా నడపండి' అన్న అర్థంలో ఇంగ్లీషు వాక్యం ఉంటే, దాని ముందే పార్టిషన్ పేరు కూడా ఉంటుంది, /డెవ్/ఎస్‌డీఏ2 లాగా. అదే పేరుతో ఎఫ్ఎస్‌సీకే -వై /డెవ్/ఎస్‌డీఏ2 కొట్టండి. అయ్యాక ఎగ్జిట్ అంటే బూట్ ముందుకు సాగుతుంది. ఎవరిదో తేలని ఫైలు ముక్కలు ఆ పార్టిషన్‌లోని లాస్ట్+ఫౌండ్ ఫోల్డర్‌లో నంబర్ల పేర్లతో చేరతాయి.

అలా కాకుండా 'అలర్ట్! యూయూఐడీ ... డజ్ నాట్ ఎగ్జిస్ట్' అని ఉంటే (యూయూఐడీ అంటే పార్టిషన్ గుర్తింపు సంఖ్య) ఎఫ్ఎస్‌సీకేతో పనిలేదు. డిస్కే కనబడటం లేదు. బీఎల్‌కేఐడీ అని కొట్టి చూడండి. ఏమీ రాకపోతే డిస్కు కనెక్టర్ వదులై ఉండాలి, లేదా బయోస్‌లో సాటా (డిస్కు కనెక్షన్) మోడ్ మారి ఉండాలి. డిస్కు మేల్కోవడానికే ఆలస్యమవుతోందనిపిస్తే గ్రబ్‌లో రూట్‌డిలే=30 చేర్చి ఓసారి చూడొచ్చు.

మీ ఉత్తరంలో మమ్మల్ని ఆలోచింపజేసింది 'మూడోసారి' అన్న మాట. లినక్స్ ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4కు జర్నల్ (మార్పుల చిట్టా) ఉంది. కరెంటు హఠాత్తుగా పోయినా మామూలుగా అది తనంతట తానే సర్దుకుంటుంది. పదేపదే చేత్తో ఎఫ్ఎస్‌సీకే చేయాల్సి వస్తోందంటే కరెంటు కన్నా డిస్కునే ముందు అనుమానించాలి. స్మార్ట్‌మోన్‌టూల్స్ ప్యాకేజీ వేసి సుడో స్మార్ట్‌సీటీఎల్ -ఏ /డెవ్/ఎస్‌డీఏ నడపండి. పొడవైన పట్టికలో చూడాల్సినవి నాలుగే, అదీ చివరి నిలువు వరుసలోని అంకె. మొదటి నిలువు వరుసలో 5 అంటే ఇప్పటికే పక్కన పెట్టేసిన సెక్టార్లు. 197 అంటే చదవలేక వేచి ఉన్నవి, 198 అంటే చదవడం విఫలమైనవి. 197 సున్నా కాకపోతే ఇంకోసారి ఎఫ్ఎస్‌సీకే -వై కొట్టకండి. అది డిస్కు మీద రాస్తుంది, పోతున్న డిస్కుకు ఆ రాత చేటు. ముందు ఫైళ్లు బయటకు తీసుకుని, తర్వాత ఎస్ఎస్‌డీ వేయించండి. ఇక 199 ఒక్కటే పెరుగుతూ ఉంటే డిస్కు బాగానే ఉన్నట్టు, కేబులో కనెక్టరో చూడాలి.

ఇంకొకటి. మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే సీఆర్2032 బిళ్ల కూడా ఈ వయసుకు అయిపోయి ఉంటుంది. కరెంటు పోగానే తేదీ వెనక్కి వెళ్తుంది, 'చివరిసారి రాసిన సమయం భవిష్యత్తులో ఉంది' అని ఎఫ్ఎస్‌సీకే గొడవ చేస్తుంది. బ్రౌజర్‌లో సర్టిఫికెట్ లోపాలు, ఆప్ట్ అప్‌డేట్‌లో 'ఇంకా చెల్లదు' అన్న ఫిర్యాదు కూడా దీని పుణ్యమే. ల్యాప్‌టాప్‌లలో ఈ బిళ్లకు తరచూ రెండు వైర్లు, చిన్న ప్లగ్ అతికించి ఉంటాయి, కాబట్టి విడి బిళ్ల కాకుండా వైరుతో సహా అడగండి. మల్టీమీటర్‌లో 3 వోల్టులకు దగ్గరగా ఉండాలి. 2.5 చూపిస్తే మార్చేయండి.

ప్రశ్న: ఆన్ చేస్తే లాగిన్ శబ్దం వినబడుతుంది. తెర మాత్రం నలుపు. – ఒక పాఠకుడు, ఆదిలాబాద్

జవాబు: గదిలో దీపాలు ఆర్పి, ఫోన్ టార్చిని తెరకు ఆనించి ఏటవాలుగా వేయండి. మసకగా ఐకాన్లు, లాగిన్ పెట్టె గీతలు కనబడితే గ్రాఫిక్స్ డ్రైవర్ తన పని తాను చేస్తోంది. వెలగనిది బ్యాక్‌లైట్. ఏమీ కనబడకపోతే మొదటి ప్రశ్న జవాబుకు వెళ్లండి.

బ్యాక్‌లైట్ బయోస్ తెర మీద వెలిగి, లినక్స్ రాగానే ఆరిపోతుంటే అది సాఫ్ట్‌వేర్ గొడవ. గ్రబ్ మెనూలో 'ఇ' నొక్కి ఏసీపీఐ_బ్యాక్‌లైట్=నేటివ్ చేర్చి చూడండి. కుదరకపోతే నేటివ్ బదులు వెండర్, అదీ కాకపోతే వీడియో. మూడింట్లో ఏది పనిచేస్తే దాన్ని గ్రబ్ ఫైల్లో పెట్టండి. బయోస్‌లోనూ వెలగకపోతే లినక్స్ జోలికి పోనక్కర్లేదు. మూత మెల్లగా కదిపితే మిణుకుమంటే కీలు దగ్గర కేబుల్ నలిగింది. పాత ట్యూబ్‌లైట్ రకం ప్యానెల్ అయితే ఇన్వర్టర్ బోర్డు పోయి ఉండొచ్చు. మూత మూసినట్టు గుర్తించే స్విచ్ ఇరుక్కుపోయినా ఇదే లక్షణం.

ప్రశ్న: నిన్న అప్‌డేట్ చేశాను. ఇవాళ 'కెర్నల్ ప్యానిక్... అన్‌నోన్-బ్లాక్(0,0)' అంటోంది. ఇన్‌స్టాల్ చేసినప్పుడు డిస్కు ఎన్‌క్రిప్షన్ ఎంచుకున్నాను. – ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ఆ ఎన్‌క్రిప్షన్ సంగతి రాసి మంచి పని చేశారు. ఎన్‌క్రిప్షన్ ఉంటే /బూట్ అనేది వేరే చిన్న పార్టిషన్‌గా ఉంటుంది. ప్రతి కొత్త కెర్నల్‌తోపాటు ఇనిట్‌ఆర్‌డీ అనే పెద్ద ఫైలు అందులో చేరుతుంది. చోటు అయిపోతే కెర్నల్ ఎక్కుతుంది, ఇనిట్‌ఆర్‌డీ సగంలో ఆగిపోతుంది. డిస్కును తెరిచే డ్రైవర్లు ఆ ఫైల్లోనే ఉన్నాయి కాబట్టి కెర్నల్ ఏ డిస్కూ కనబడక చేతులెత్తేస్తుంది. (0,0) అంటే అదే.

గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కు వెళ్లి, మొన్నటిదాకా పనిచేసిన పాత కెర్నల్‌తో బూట్ చేయండి. డీఎఫ్ -హెచ్ /బూట్ కొడితే బహుశా 100 శాతం చూపిస్తుంది. సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్ తో పాత కెర్నళ్లు తీసేయండి. చోటు లేక అదీ మొరాయిస్తే, యూనేమ్ -ఆర్ కొట్టి ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ నంబరు కాగితం మీద రాసుకోండి. దాన్ని వదిలి, అన్నిటికన్నా పాతదాని ఇనిట్‌ఆర్‌డీ ఫైలును /బూట్ నుంచి తీసి హోమ్ ఫోల్డర్‌లోకి జరపండి. చోటు దొరికాక ఆ ఆటోరిమూవ్ ఆదేశం మళ్లీ నడిపి, చివరగా:

సుడో అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ -యూ -కే ఆల్
సుడో అప్‌డేట్-గ్రబ్

/ఈటీసీ/ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్-టూల్స్/ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్.కాన్ఫ్ ఫైల్లో మాడ్యూల్స్=మోస్ట్ అన్నదాన్ని డెప్ అని మారిస్తే మీ యంత్రానికి కావాల్సిన డ్రైవర్లే చేరి ఫైలు బాగా చిన్నదవుతుంది. కాకపోతే ఆ డిస్కును రేపు ఇంకో ల్యాప్‌టాప్‌లో బిగిస్తే బూట్ కాకపోవచ్చు.

ప్రశ్న: జీఫోర్స్ 8400ఎం ఉన్న ల్యాప్‌టాప్. తెర నిండా నిలువు చారలు. ఏ డ్రైవర్ వేయాలి? – ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: బయోస్ సెటప్ తెర మీద కూడా చారలుంటే ఏ డ్రైవరూ వద్దు. బయట మానిటర్ తగిలించండి. అందులో బొమ్మ శుభ్రంగా ఉంటే తప్పు ప్యానెల్‌దో కేబుల్‌దో, బాగుచేయించొచ్చు. అక్కడా చారలే అయితే చిప్ పోయింది. ఈ తరం చిప్‌లకు అదొక పేరుమోసిన జబ్బు. ప్యాకేజింగ్ పదార్థం బలహీనంగా ఉందని ఎన్‌విడియానే 2008 జులైలో ఒప్పుకుని, 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెడుతున్నట్టు ప్రకటించింది. వేడి, చల్లదనం మారుతున్న కొద్దీ చిప్ లోపలి సూక్ష్మమైన టంకం బొడిపెలు చిట్లుతాయి. రీబాలింగ్‌లో మార్చేది చిప్‌కూ బోర్డుకూ మధ్య ఉన్న టంకాన్ని. చిట్లింది లోపల. వేడికి అది తాత్కాలికంగా అతుక్కుని కొన్నాళ్లు నడుస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఆ డబ్బు ఇంకో పాత ల్యాప్‌టాప్ మీద పెట్టడం నయం.

ప్రశ్న: పాస్‌వర్డ్ సరిగ్గానే కొడతాను. క్షణం నల్లబడి మళ్లీ లాగిన్ పెట్టెకే వస్తుంది. – ఒక పాఠకుడు, డాలస్

జవాబు: కంట్రోల్+ఆల్ట్+ఎఫ్3 నొక్కి అక్షరాల తెరలో లాగిన్ అవండి. ముందు డీఎఫ్ -హెచ్. రూట్ (ప్రధాన పార్టిషన్) 100 శాతం నిండి ఉంటే కారణం దొరికినట్టే. మింట్‌లో ఇలా నింపేది ఎక్కువగా టైమ్‌షిఫ్ట్ స్నాప్‌షాట్‌లు (సిస్టమ్ నకళ్లు). సుడో టైమ్‌షిఫ్ట్ --లిస్ట్ తో చూసి, పాతవి --డిలీట్ తో తీసేయండి. సుడో ఆప్ట్ క్లీన్ కూడా కొంత ఖాళీ చేస్తుంది.

చోటు ఉంటే ఎల్ఎస్ -ఎల్ఏ కొట్టి .ఎక్స్అథారిటీ (ఎక్స్ పెద్దక్షరం) ఫైలు యజమాని ఎవరో చూడండి. రూట్ (నిర్వాహకుడి ఖాతా) అని ఉంటే, గతంలో ఎప్పుడో గ్రాఫికల్ ప్రోగ్రామ్‌ను సుడోతో నడిపారు. ఆ ఫైలును సుడో ఆర్ఎంతో తీసేయండి, లాగిన్‌లో కొత్తది తయారవుతుంది. ఈ తెర మీద తెలుగు పేర్లున్న ఫోల్డర్లు డబ్బాలుగానో ప్రశ్నార్థకాలుగానో కనబడతాయి, బెదిరిపోయి తుడిచేయకండి. ఈ కన్సోల్‌కు తెలుగు చూపించడం రాదు, అంతే. ఫైళ్లు క్షేమంగా ఉన్నాయి.

ప్రశ్న: బూట్ అయ్యేటప్పుడు 'ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్' అని 1 నిమిషం 30 సెకన్లు ఆగుతోంది. – ఒక పాఠకుడు, కడప

జవాబు: 90 సెకన్లు అన్నది బూట్ పనులన్నీ నడిపే సిస్టమ్‌డీ ఎదురుచూసే గడువు. ఆ వరుసలో డిస్క్-బై-యూయూఐడీ అని ఉంటే, లేని పార్టిషన్ కోసం చూస్తోంది. పక్కన ఇంకో లినక్స్ వేసినప్పుడు అది స్వాప్‌ను (ర్యామ్ చాలనప్పుడు వాడే పార్టిషన్) మళ్లీ ఫార్మాట్ చేసి ఉంటుంది, యూయూఐడీ మారిపోయింది. ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ చూపించే స్వాప్ నంబరును /ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఉన్నదానితో పోల్చి సరిచేయండి. /ఈటీసీ/ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్-టూల్స్/కాన్ఫ్.డి/రెజ్యూమ్ ఫైలు ఉంటే అందులోనూ మార్చి, సుడో అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ -యూ నడపాలి. చాలామంది ఇది వదిలేసి, ఇంకా ముప్పై సెకన్లు ఎందుకు ఆగుతోందని మళ్లీ రాస్తారు.

ప్రశ్న: ఆటమ్ ఎన్2600 నెట్‌బుక్ చవగ్గా వస్తోంది. పిల్లల కోసం లినక్స్ వేసి ఇవ్వొచ్చా? – ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: కొనకండి. అందులోని జీఎంఏ 3600 గ్రాఫిక్స్ లోపల పవర్‌వీఆర్ చిప్. లినక్స్‌లో దానికున్న జీఎంఏ500 డ్రైవర్ తెరను వెలిగిస్తుంది, 3డీ త్వరణం మాత్రం లేదు. ర్యామ్ 2 జీబీ మించి ఎక్కదు. అదే బడ్జెట్‌కు కొంచెం కలిపి ఇంటెల్ హెచ్‌డీ 3000 లేదా 4000 గ్రాఫిక్స్ ఉన్న ఐ3, ఐ5 పాత ల్యాప్‌టాప్ చూడండి. వాటి ఐ915 డ్రైవర్ కెర్నల్‌తోనే వస్తుంది, ఇవాళ్టి మింట్‌లోనూ ఏమీ చేర్చకుండా నడుస్తుంది. కొనే ముందు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, వెలుతురు మీటలు, వైఫై, మూత మూసి తెరిస్తే మళ్లీ లేవడం, ఈ మూడూ దుకాణంలోనే చూసుకోండి.